డీఎన్‌ఎస్ రికార్డు ఫార్మాట్: ముందు బాక్సు చూడండి, తర్వాత పార్సర్ రాయండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీ సర్వీసు వాడే ప్రతి కస్టమరూ తన డొమైన్‌లో ఒక డీఎన్‌ఎస్ రికార్డు (డొమైన్ పేరు గురించిన వివరాలు ఇంటర్నెట్‌కు చెప్పే ఎంట్రీ) పెట్టాలి. అందులో ఖాతా నంబరు, ఒక పాలసీ, మీరు ఇచ్చే పబ్లిక్ కీ ఉండాలి. దాన్ని టీఎక్స్‌టీలో (ఏ రాతైనా పెట్టుకోగల రికార్డు టైపు) జేసన్‌గా (ప్రోగ్రాములు వాడే డేటా రాత పద్ధతి) పెట్టాలా, కొత్త రికార్డు టైపు తెచ్చుకోవాలా, మూడు రికార్డులుగా విడగొట్టాలా అని అడిగారు. చివర్లో "పార్సింగ్‌కి ఏది తేలిక" అని కూడా అడిగారు.

ఆ చివరి ప్రశ్నను దయచేసి పక్కన పెట్టండి. పార్సర్, అంటే ఆ రికార్డును చదివే ప్రోగ్రాం, మీరు ఒక్కసారి రాస్తారు. రికార్డును మాత్రం వేల మంది ఎంటర్ చేస్తారు. వాళ్లలో ఎక్కువ మందికి డొమైన్ సెట్టింగులు మార్చే ఆ ప్యానెల్ తెరవడం అదే మొదటిసారి, బహుశా చివరిసారి కూడా. నేను మొదట హోస్టింగ్ సపోర్టులో ఫోన్లు ఎత్తాను, తర్వాత నేమ్‌సర్వర్లు (డొమైన్ల రికార్డులు అడిగితే జవాబిచ్చే సర్వర్లు) నడిపాను. ఈ రెండు పనుల్లోనూ నాకు తెలిసొచ్చింది ఒకటే: రికార్డు ఫార్మాట్‌ని నిర్ణయించేది స్పెసిఫికేషన్ కాదు, కస్టమర్ ముందున్న ఆ చిన్న బాక్సు. (ఇక్కడ రికార్డులను చదివినట్టుగా తెలుగులోనే రాస్తున్నాను. బాక్సులో పడేవి ఇంగ్లీషు అక్షరాలే.)

ఒక ఫోన్ కాల్ గురించి చెబుతాను. గుంటూరులో మిర్చి వ్యాపారం చేసే ఒక పెద్దాయన. ఆయన కంపెనీ మెయిళ్లు అవతలివాళ్ల స్పామ్‌లో పడుతున్నాయి. డీమార్క్ రికార్డు (కంపెనీ పేరుతో వచ్చే దొంగ మెయిళ్లను ఏం చేయాలో చెప్పేది) పెట్టాలి. వెబ్‌సైట్ చేసిపెట్టిన మేనల్లుడు బెంగళూరులో డ్యూటీలో ఉన్నాడు. అందుకని ఆయనే ప్యానెల్ తెరుచుకుని కూర్చున్నారు. నేను చదువుతున్నాను, ఆయన కొడుతున్నారు. "ముందు అండర్‌స్కోర్ కొట్టండి" అన్నాను. "అంటే ఏంటి బాబూ?" "కింద గీత అండీ." కాసేపు ఏమీ వినపడలేదు. "గీత ఉంది గానీ, కింద కాదు, మధ్యలో ఉంది." అది హైఫన్. ఫోన్ కీబోర్డులో అండర్‌స్కోర్ కావాలంటే నంబర్ల పేజీకి వెళ్లాలి, కొన్ని ఫోన్లలో అక్కణ్ణుంచి ఇంకో పేజీకి వెళ్లాలి. మొత్తానికి దొరికింది. ఆయన పేరు బాక్సులో _డీమార్క్.ఎగ్జాంపుల్.కామ్ అని పూర్తిగా కొట్టారు. మేము పంపిన కాగితంలో అలాగే ఉంది మరి. ప్యానెల్ తనంతట తానే చివర డొమైన్ తగిలించింది. దాంతో రికార్డు వెళ్లి _డీమార్క్.ఎగ్జాంపుల్.కామ్.ఎగ్జాంపుల్.కామ్ దగ్గర పడింది. తెర మీద పచ్చ టిక్కు వచ్చింది. రెండు రోజులకు మళ్లీ ఫోన్: "నువ్వు చెప్పినట్టే పెట్టాను బాబూ, మెయిళ్లు ఇంకా స్పామ్‌లోకే పోతున్నాయి."

ఆయన చేసిన తప్పేమీ లేదు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు కొట్టారు. తప్పు మా కాగితంలో ఉంది, దాని వెనకున్న మా ఆలోచనలో ఉంది.

ఈ గొడవ ఇవాళ్టిది కాదు. 1987లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1035 (ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ సాంకేతిక పత్రాలు) జోన్ ఫైలును, అంటే ఒక డొమైన్ రికార్డులన్నీ ఉండే ఫైలును, ఎలా రాయాలో చెప్పింది. పేరు చివర చుక్క ఉంటే అది పూర్తి పేరు, లేకపోతే వెనక డొమైన్ తగిలిస్తారు. @ అంటే ఆ డొమైనే. సెమీకోలన్ తర్వాత ఉన్నదంతా కామెంటు. ఎస్‌ఓఏలో, అంటే డొమైన్ నిర్వహణ వివరాలుండే రికార్డులో, అడ్మిన్ ఈమెయిల్ రాయాలంటే @ బదులు చుక్క పెట్టాలి. టెక్స్ట్ ఎడిటర్ ముందు కూర్చున్న సిస్టమ్ అడ్మిన్ కోసం చేసిన ఏర్పాటు అది, ఆయనకు సరిపోయింది. నిజానికి ఆయనకూ పూర్తిగా సరిపోలేదు. 1996లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1912 అంతా డీఎన్‌ఎస్‌లో అందరూ చేసే తప్పుల గురించే. చివరి చుక్క మర్చిపోవడం అందులోనూ ఉంది. ఇప్పుడు జోన్ ఫైలును కళ్లతో చూసేవాళ్లు తక్కువ. దాని బదులు ప్యానెల్ వచ్చింది, ఒక్కో ప్యానెల్‌ది ఒక్కో పద్ధతి. ఒకటి డొమైన్ తగిలిస్తుంది, ఒకటి తగిలించదు. ఒకటి కోట్స్ పెట్టమంటుంది, ఒకటి తానే పెట్టుకుంటుంది, మీరు పెడితే రెండు జతలవుతాయి. ఒకటి @ అడుగుతుంది, ఒకటి బాక్సు ఖాళీగా వదలమంటుంది. మీ ఫార్మాట్ వీటన్నిటి గుండా విరగకుండా బయటికి రావాలి.

ఇక మీ ప్రశ్నల్లోకి వస్తాను.

కొత్త రికార్డు టైపు సంగతి. పుస్తకం ప్రకారం అదే సరైన దారి. 2009లో ఐఏబీ (ఇంటర్నెట్ ఆర్కిటెక్చర్ బోర్డు) తెచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 5507 అదే సలహా ఇచ్చింది: కొత్త రకం సమాచారానికి కొత్త టైపు తీసుకోండి, అన్నిటినీ టీఎక్స్‌టీలో కుక్కొద్దు. తెలియని టైపుల్ని కూడా సర్వర్లు మోయగలిగేలా 2003లోనే ఆర్‌ఎఫ్‌సీ 3597 వచ్చింది. సర్వర్ వైపు అడ్డేమీ లేదు. అడ్డం ఉన్నది ప్యానెల్‌లోని డ్రాప్‌డౌన్. ఎస్‌పీఎఫ్ కథ చూడండి (ఒక డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పేది అది). 2006లో ఆర్‌ఎఫ్‌సీ 4408 ఎస్‌పీఎఫ్‌కి సొంత టైపు ఇచ్చింది, నంబరు 99. టీఎక్స్‌టీలోనూ పెట్టండి, 99లోనూ పెట్టండి అంది. జనం టీఎక్స్‌టీలోనే పెట్టారు. అలవాటైంది అదే, చాలా ప్యానెళ్లలో కనిపించేదీ అదే. 2012లో లెక్క చూసుకుంటే టైపు 99 వాడకం బాగా తక్కువని తేలింది. 2014లో ఆర్‌ఎఫ్‌సీ 7208 దాన్ని తీసేసి, ఇక టీఎక్స్‌టీ ఒక్కటే అంది. స్పెసిఫికేషన్ రాసినవాళ్లు తెలివైనవాళ్లే. కానీ ఎంటర్ చేసే మనిషికి ఆ టైపు కనిపించే దారి ఏదన్న ప్రశ్నకు మాత్రం జవాబు దొరకలేదు.

దీనికి ఎదురు ఉదాహరణ సీఏఏ రికార్డు. ఒక డొమైన్‌కి సర్టిఫికెట్ ఎవరివ్వొచ్చో చెప్పేది అది, 2013లో వచ్చింది. 2017 సెప్టెంబరు నుంచి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థలన్నీ దాన్ని తప్పకుండా చూడాలన్న నియమం పెట్టారు. అప్పుడు ప్యానెళ్లకు కూడా కదిలే కారణం దొరికింది. దాని వెనక ఒక పరిశ్రమ మొత్తం ఉంది. మీ వెనక అంత బలం లేనప్పుడు కొత్త టైపు జోలికి పోవద్దనే చెబుతాను. నా లెక్క సింపుల్: మనిషి చేత్తో ఎంటర్ చేసేదైతే టీఎక్స్‌టీ లేదా సీనేమ్ (ఒక పేరును ఇంకో పేరు వైపు మళ్లించే రికార్డు), మెషీన్ మెషీన్‌తో మాట్లాడుకునేదైతే కొత్త టైపు. డీఎన్‌ఎస్ జవాబులకు సంతకం పెట్టే డీఎన్‌ఎస్‌సెక్‌లో, కీ గుర్తు ఉండే డీఎస్ రికార్డును రిజిస్ట్రార్ (డొమైన్ అమ్మిన కంపెనీ) ప్యానెల్‌లో చేత్తో అతికించడం ఎంత ఇబ్బందో చేసినవాళ్లకు తెలుసు. అందుకే 2014లో సీడీఎస్ వచ్చింది. కింది జోన్ తన కీ వివరాలు తానే ప్రకటిస్తుంది, పైవాళ్లు చదువుకుంటారు, మధ్యలో మనిషి కాపీ చేయనక్కర్లేదు.

జేసన్ వద్దు. దీనికి ఒక్క కారణం చాలు. జేసన్ నిండా డబుల్ కోట్స్ ఉంటాయి, టీఎక్స్‌టీ విలువ చుట్టూ కూడా డబుల్ కోట్స్ ఉంటాయి. లోపలి కోట్స్ ముందు ఒక ప్యానెల్ బ్యాక్‌స్లాష్ పెడుతుంది, ఇంకోటి పెట్టదు, మరోటి కోట్స్ చూడగానే ఎర్రర్ ఇస్తుంది. కస్టమర్ దాన్ని వాట్సాప్‌లోనో వర్డ్ ఫైలులోనో పంపించుకుంటే నిటారు కోట్స్ వంకర కోట్స్ అయిపోతాయి.

ఈ వంకర అక్షరాల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే డెవలపర్లు దీన్ని అసలు ఊహించరు. ఒక కస్టమర్ ఎస్‌పీఎఫ్ పనిచేయడం లేదన్నారు. ప్యానెల్‌లో చూస్తే అంతా సరిగ్గానే ఉంది, చివర హైఫన్, ఆల్. డీఎన్‌ఎస్‌ని నేరుగా అడిగే డిగ్ కమాండుతో చూస్తే ఆల్ ముందు హైఫన్ లేదు, బ్యాక్‌స్లాష్‌లతో మూడు నంబర్లున్నాయి: 226, 128, 147. అది ఎన్-డ్యాష్. సూచనల్ని వర్డ్‌లో టైప్ చేసినప్పుడు ఆటోకరెక్ట్ హైఫన్‌ని పొడుగు గీత చేసేసింది. కంటికి తేడా ఇంచుమించు తెలియదు. అందుకే మీ ఫార్మాట్‌లో అర్థాన్ని మార్చే పని ఒక్క గీతకు అప్పగించకండి. ఎస్‌పీఎఫ్‌లో హైఫన్, టిల్డ్, ప్లస్, ప్రశ్నార్థకం ఒక్కొక్కటి ఒక్కో అర్థం ఇస్తాయి. ఆ గుర్తుల బదులు మాటలు పెట్టి ఉంటే ఎంతమందికి టెన్షన్ తప్పేదో. డీమార్క్‌లో పాలసీకి నన్, క్వారంటైన్, రిజెక్ట్ అని పూర్తి మాటలు పెట్టారు. అది మంచి నిర్ణయం. ఫోన్‌లో చెప్పొచ్చు, స్పెల్లింగ్ తప్పితే తప్పని కనిపిస్తుంది.

మన తెలుగువాళ్లకు ఇంకో చిక్కు ఉంది. "ఎస్‌పీఎఫ్" లాంటి మాటను తెలుగులో విడివిడిగా కనిపించేలా టైప్ చేయాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక అక్షరం పెడతాం, జీరో విడ్త్ నాన్ జాయినర్. తెలుగులో రాసిన సూచనల మధ్య నుంచి రికార్డును కాపీ చేస్తే అది తోక లాగా అంటుకుని రావచ్చు. డిగ్‌లో అయితే 226, 128, 140 అని కనిపిస్తుంది, ప్యానెల్‌లో ఏమీ కనిపించదు. కాబట్టి మీ సూచనల పేజీలో రికార్డును వాక్యం మధ్యలో పెట్టకండి. విడిగా పెట్టి పక్కన కాపీ బటన్ ఇవ్వండి. మీ పార్సర్ కూడా విలువ మొదట్లో, చివర్లో ఉన్న ఇలాంటి కనిపించని అక్షరాల్ని, ఖాళీల్ని, వంకర కోట్స్‌ని తీసేసి చదవాలి. డొమైన్ తెలుగులో ఉంటే, అంటే .భారత్ కింద తీసుకున్నదైతే, ప్యానెల్ లోపల అది ఎక్స్, ఎన్, రెండు హైఫన్లతో మొదలయ్యే ప్యూనీకోడ్ రూపంలో ఉంటుంది. మీ పేజీలో రెండు రూపాలూ చూపించండి. లేకపోతే ఇది తన డొమైనేనా అన్న అనుమానంతో కస్టమర్ అక్కడే ఆగిపోతారు.

విలువలో ఏ గుర్తుతో విడగొట్టాలన్నది పైకి చిన్న విషయంలా ఉంటుంది, కాదు. జోన్ ఫైలులో కోట్స్ లేకుండా రాస్తే ఖాళీ ఉన్న ప్రతిచోటా విలువ వేరే ముక్క అవుతుంది. ఆ ముక్కల్ని చదివేటప్పుడు మధ్యలో ఖాళీ లేకుండా కలపాలన్నది ఎస్‌పీఎఫ్, డీకిమ్ (మెయిల్‌కు పెట్టే డిజిటల్ సంతకం) రెండిటి నియమం. దాంతో "వి=ఎస్‌పీఎఫ్1 ఇన్‌క్లూడ్" కాస్తా "వి=ఎస్‌పీఎఫ్1ఇన్‌క్లూడ్" అయిపోతుంది, మొత్తం రికార్డు చెల్లదు. సెమీకోలన్ వాడితే ఇంకో ప్రమాదం: కోట్స్ లేకపోతే మొదటి సెమీకోలన్ తర్వాతదంతా కామెంటు కింద పోతుంది. రెండిట్లో నేను సెమీకోలన్‌నే ఎంచుకుంటాను. డీకిమ్, డీమార్క్ పుణ్యమా అని ప్యానెళ్లన్నీ దానికి అలవాటు పడ్డాయి. పైగా అది విరిగినప్పుడు ఎలా విరుగుతుందో ముందే తెలుసు. తెగితే మొదటి ముక్క ఒక్కటే మిగులుతుంది, మీ పార్సర్ చూడగానే "విలువ చుట్టూ కోట్స్ లేవు" అని చెప్పగలదు. అందుకే తప్పనిసరి భాగాన్ని, అంటే కీని, చివర పెట్టండి. ఎక్కడ తెగినా కీ లేకపోవడమో పొట్టి కావడమో జరుగుతుంది, అది దాగదు. సెమీకోలన్ తర్వాత ఖాళీ ఉన్నా లేకపోయినా ఒకేలా చదవండి.

పొడుగు సంగతి. టీఎక్స్‌టీలో ఒక్కో ముక్క 255 బైట్లు దాటకూడదు. 2048 బిట్ల ఆర్‌ఎస్‌ఏ పబ్లిక్ కీ బేస్64లో (బైట్లను మామూలు అక్షరాలుగా రాసే పద్ధతి) 392 అక్షరాలు. అంటే తప్పనిసరిగా రెండు ముక్కలు. ఆ ముక్కలు ఎవరు చేయాలి? కొన్ని ప్యానెళ్లు తామే చేసుకుంటాయి, కొన్ని మిమ్మల్నే చేయమంటాయి. నేను చూసిన ఒకటి 255 దగ్గర కోసేసి, మాట మాత్రం చెప్పకుండా సేవ్ చేసింది. ఈడీ25519 అనే ఇంకో రకం కీ అయితే 44 అక్షరాలే. మీరు కొత్తగా మొదలుపెడుతున్నారు, పాతవాటితో ముడి లేదు, కాబట్టి దాన్నే తీసుకోండి. మీ విలువ మొత్తం వంద అక్షరాల లోపు ఉంటే ఫోన్ తెర మీద కూడా మొదలు, చివర కనిపిస్తాయి.

ఖాతా నంబరులో చిన్న అక్షరాలు, అంకెలు మాత్రమే వాడండి. సున్నాతో ఓ, ఒకటితో ఎల్ కలిసిపోతాయి కాబట్టి ఆ నాలుగూ తీసేయండి. పేరు భాగంలో పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ డీఎన్‌ఎస్‌కి ఒకటే. విలువలో అలా కాదు, ఎలా పెడితే అలాగే ఉంటుంది. ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని తనంతట తానే పెద్దది చేస్తుంది. అందుకని ట్యాగ్ పేర్లు (ఐడీ, కీ లాంటివి) పెద్ద అక్షరాల్లో వచ్చినా తీసుకోండి.

రికార్డు ఎక్కడ పెట్టాలన్నది మిగిలింది. @ దగ్గర పెట్టిస్తే అండర్‌స్కోర్ బాధ ఉండదు, నిజమే. కానీ అక్కడ ఇప్పటికే ఎస్‌పీఎఫ్ ఉంటుంది, నాలుగైదు కంపెనీల వెరిఫికేషన్ టోకెన్లు ఉంటాయి. కస్టమర్ కొత్తది చేర్చబోయి పాతదాన్ని చెరిపేయవచ్చు. మెయిళ్లు ఆగిపోతాయి, కారణం మీరని మాత్రం ఎవరికీ తెలియదు. కాబట్టి కష్టమైనా అండర్‌స్కోర్ పేరే వాడండి. సూచనల్లో పేరును రెండు రకాలుగా చూపించండి: "బాక్సులో కొట్టాల్సింది _మీసర్వీసు, సేవ్ చేశాక పూర్తి పేరు _మీసర్వీసు.ఎగ్జాంపుల్.కామ్ అని కనిపించాలి." మీ చెకింగ్ ప్రోగ్రాం అసలు పేరుతో పాటు డొమైన్ రెండుసార్లు పడిన పేరునూ, అండర్‌స్కోర్ బదులు హైఫన్ ఉన్న పేరునూ వెతకాలి. దొరికితే ఒప్పుకోవద్దు, "రికార్డు ఇక్కడ పడింది, పేరు బాక్సులోంచి డొమైన్ తీసేయండి" అని చెప్పాలి. ఇది రెండు మూడు అదనపు క్వెరీల పని. గుంటూరు పెద్దాయనకు ఆ ఒక్క వాక్యం కనిపించి ఉంటే రెండు రోజులు పోయేవి కావు.

చదవడంలో ఉదారంగా ఉండాలన్నాను గానీ, దానికి హద్దుంది. ఖాళీలు, కోట్స్, తెలియని ట్యాగులు పట్టించుకోకండి. డీకిమ్, డీమార్క్ రెండూ తెలియని ట్యాగుల్ని వదిలేయమంటాయి, అందుకే తర్వాత కొత్తవి చేర్చడం కుదిరింది. కానీ ఒకే పేరు దగ్గర మీ రికార్డులు రెండు కనిపిస్తే ఏదో ఒకటి ఎంచుకోవద్దు. డీఎన్‌ఎస్ జవాబులో వరుస స్థిరంగా ఉండదు, ఇవాళ ఒకటి పనిచేస్తుంది, రేపు ఇంకోటి. ఎస్‌పీఎఫ్ ఇలాంటప్పుడు శాశ్వత ఎర్రర్ ఇస్తుంది, అదే సబబు. కీలో ఒక్క అక్షరం తేడా ఉన్నా సరిదిద్దే ప్రయత్నం చేయకండి.

ఇంత చెప్పాక, మీ కస్టమర్లలో ఎక్కువ మందికి నేనిచ్చే సలహా వేరు. టీఎక్స్‌టీ కూడా వద్దు, ఒక్క సీనేమ్ పెట్టించండి. పేరు _మీసర్వీసు, అది చూపించేది మీ డొమైన్ కింద ఆ ఖాతాకు మాత్రమే చెందిన ఒక పేరు. కీ, పాలసీ అక్కడ మీ చేతిలోనే ఉంటాయి. రేపు కీ మార్చాలంటే వేల మందికి ఫోన్ చేయనక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ 365 డీకిమ్ కోసం రెండు సీనేమ్‌లు, అమెజాన్ మెయిల్ సర్వీసు ఎస్‌ఈఎస్ మూడు సీనేమ్‌లు పెట్టించేది ఇందుకే. ఒక్క జాగ్రత్త: కస్టమర్ వెళ్లిపోయాక కూడా ఆ సీనేమ్ వాళ్ల జోన్‌లో ఏళ్ల తరబడి మిగిలిపోతుంది. ఒకరికిచ్చిన పేరు ఇంకొకరికి ఎప్పటికీ ఇవ్వకండి. ఇస్తే పాత కస్టమర్ డొమైన్ కొత్తవాళ్ల చేతికి పోయినట్టే. అన్నీ తమ జోన్‌లోనే ఉండాలనుకునేవాళ్లకు టీఎక్స్‌టీ ఇవ్వండి, ఇలా: "వి=మీసర్వీసు1; ఐడీ=7కె4ఎం9; పాలసీ=టెస్ట్; కీ=" తర్వాత 44 అక్షరాలు.

ఇంకొక్క విషయం, ఇది ఫార్మాట్‌లో కనిపించదు గానీ కస్టమర్లను బాగా ఏడిపిస్తుంది. చాలామంది రికార్డు పెట్టకముందే "వెరిఫై" బటన్ నొక్కి చూస్తారు. అప్పుడు మీ తరఫున డీఎన్‌ఎస్‌ని అడిగే రిజాల్వర్ "ఆ పేరు లేదు" అన్న జవాబును దాచుకుంటుంది. ఎంతసేపన్నది ఆ డొమైన్ ఎస్‌ఓఏ చెబుతుంది, కొన్నిచోట్ల గంటలు. కస్టమర్ రికార్డు సరిగ్గా పెట్టి మళ్లీ నొక్కినా లేదనే వస్తుంది. దాంతో సరైనదాన్ని చెరిపి ఇంకేదో పెట్టేస్తారు. కాబట్టి మామూలు రిజాల్వర్‌ని అడగకండి. ఆ డొమైన్ నేమ్‌సర్వర్లేవో కనుక్కుని నేరుగా వాటినే అడగండి, అన్నిటినీ అడగండి. ఒకదాంట్లో ఉండి ఇంకోదాంట్లో లేకపోతే "రికార్డు వచ్చింది, ఇంకా అన్ని సర్వర్లకూ చేరలేదు, ఏమీ మార్చకండి" అని తెర మీద రాయండి.

ఫార్మాట్ ఖాయం చేసేముందు మీ ఆఫీసులో అకౌంట్స్ చూసేవాళ్లకు ఒక టెస్ట్ డొమైన్ ఇవ్వండి. సూచనలు వాట్సాప్‌లో పంపండి, ఫోన్‌లోనే రికార్డు పెట్టమనండి, పక్కన కూర్చుని ఏమీ చెప్పకుండా చూడండి. కనీసం మూడు వేర్వేరు కంపెనీల ప్యానెళ్ల మీద చేయించండి. వాళ్లు ఎక్కడ ఆగారో రాసి ఇక్కడ పెట్టండి, ఏది మార్చాలో కలిసి చూద్దాం.